అప్‌డేట్: మానిటర్ పెంచమని తిట్టే సింగర్ సంగతి

మానిటర్‌లో (స్టేజి మీద పాడేవాళ్ళకి తమ సౌండ్ వినపడేలా పెట్టే స్పీకర్) తన గొంతు వినపడట్లేదని స్టేజి మీద నుంచి మైకులోనే, సౌండ్ చూసే నన్ను తిట్టే సింగర్‌తో ఎలా వేగాలని అడిగాను కదా, నిన్న మళ్ళీ ఆయనతోనే షో పడింది. ఈసారి సౌండ్‌చెక్‌కి ముందే వెళ్ళి ఆయన నిలబడే చోట నిలబడి విన్నాను, నిజంగానే గిటార్ తప్ప ఏమీ వినపడట్లేదు (అంటే తప్పు కొంత నాదే). గొంతు పెంచకుండా ఆ మానిటర్‌లో గిటార్ తగ్గించి, కూత పెడుతున్న (స్పీకర్ సౌండ్ మళ్ళీ మైకులోకి వెళ్ళి కీచుమంటున్న) రెండు ఫ్రీక్వెన్సీలు ఈక్యూలో (ఒక్కో ఫ్రీక్వెన్సీని విడిగా పెంచి తగ్గించే కంట్రోల్) కోశాను. మైకు తల చేత్తో మూసేస్తే కార్డియాయిడ్ మైకు (ముందు నుంచి వచ్చే సౌండే ఎక్కువగా పట్టే రకం) కూడా వెనక నుంచి వచ్చే సౌండ్ లాగేస్తుంది, కూత అందుకే అని ఆయన్ని పక్కకి పిలిచి చూపించాను. మూడో పాటకే మళ్ళీ మూశారనుకోండి! కానీ తిట్లు లేవు, చెయ్యి పైకెత్తి సైగ చేశారు, ఆయన గొంతు 2 డీబీ (డెసిబెల్స్, అంటే కాస్తంత) పెంచాను, అంతే.