అప్‌డేట్: పర్లాకిమిడి నుంచి డయాలసిస్ కేంద్రం ఎంపిక, చివరికి తేలిన సంగతి

మా నాన్నగారికి ఏ డయాలసిస్ కేంద్రం మంచిదో ఎలా పోల్చుకోవాలని ఆరు నెలల క్రితం ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. అన్నిటికంటే పనికొచ్చింది, డయాలసిస్‌కు ముందూ తరువాతా తీసిన యూరియా (రక్తంలో పేరుకునే వ్యర్థం) అంకెలు అడగమన్న సలహా. పాత కేంద్రంలో అవి 140, 59. అంటే తగ్గుదల 58 శాతమే, కనీసం 65 ఉండాలి. ఆ కాగితం చూసిన నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) గారు యంత్రాన్ని తప్పుపట్టలేదు: రద్దీ వల్ల నాలుగు గంటల సెషన్‌ను మూడు గంటలకే ముగిస్తున్నారని, పైగా మెడ దగ్గర రక్తనాళంలో పెట్టిన గొట్టంలో (క్యాథెటర్) రక్తప్రవాహం చాలడం లేదని తేల్చారు. చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనినీ సిరనూ కలిపే ఆపరేషన్) వేయించి, అది వాడకానికి సిద్ధమయ్యాక, పాతపట్నం మీదుగా వెళ్లాల్సిన, శ్రీకాకుళం జిల్లాలోని మరో డయాలసిస్ కేంద్రానికి మారాం. పోయిన నెల అంకెలు 138, 43. తగ్గుదల దాదాపు 69 శాతం.

డయాలసిస్‌కు వాడే శుద్ధిచేసిన (ఆర్.ఓ.) నీటి పరీక్ష నివేదిక గురించీ, రక్తం ద్వారా అంటుకునే హెపటైటిస్ బి ఉన్నవారికి విడి యంత్రం ఉందా అనీ రెండు చోట్లా అడిగాను. మొదటి చోట ముఖం చిట్లించారు, రెండో చోట ఫైలే చేతికిచ్చారు. నా నిర్ణయం సగం అక్కడే అయిపోయింది.

ఏసీ, టీవీ, యంత్రం కంపెనీ పేరు ఎంపికలో అక్కరకు రాలేదు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ వారి నక్షత్రాల రేటింగు కోసం వెతకడం నా తెలివితక్కువతనం, అది అక్కడి కేంద్రాలకే. పైన చెప్పిన 65 శాతం కొలత వారానికి మూడుసార్లు చేయించుకునేవారికి ఉద్దేశించినది కాబట్టి, రెండుసార్లే వెళ్లేవారు తమ డాక్టరునే అడగాలి.