ఇంట్లో సంగతులు నాకే ఆఖర్న తెలుస్తున్నాయి, మీ ఇళ్ళల్లో ఎలా చెప్పుకుంటారు?

చివరివాడు

మేం నలుగురం పిల్లలం, నలుగురం నాలుగు చోట్ల ఉన్నాం, అమ్మా నాన్నా ఇద్దరే ఇంట్లో. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూప్ ఉంది, అందులో బాబాయిలు అత్తయ్యలు బావలు వదినలు అందరూ కలిపి 27 మంది, పొద్దున్నే గుడ్ మార్నింగ్ పువ్వులు, పుట్టినరోజు కేకులు, ఎవరో పంపిన ఆరోగ్య చిట్కాలు, అసలు ఖాళీ ఉండదు. అంత హడావుడి ఉన్న గ్రూప్‌లో మా నాన్న జారిపడి మణికట్టు దగ్గర ఎముక విరిగిన సంగతి మాత్రం ఒక్క ముక్క రాలేదు.

నాకెలా తెలిసిందంటే మా మేనత్త కొడుకు వేరే పని మీద ఫోన్ చేసి మధ్యలో "మామయ్య చెయ్యి ఎలా ఉందిరా ఇప్పుడు" అన్నాడు. ఏ చెయ్యి అన్నాను. అటు సైలెంట్. అప్పటికి కట్టు కట్టి, ఆరు వారాలుంచి, విప్పేయడం కూడా అయిపోయింది. ఆ ఆరు వారాల్లోనూ ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో మాట్లాడాను నేను! ఎప్పుడూ ఫోన్ నాన్నే పట్టుకుంటారు, ఆ ఆరు వారాలు అమ్మ పట్టుకుంది, మొహం దగ్గరకి పెట్టేసి. నేను గమనించలా. అదే ఎక్కువ బాధగా ఉంది.

అమ్మని అడిగితే "చెప్తే ఏం చేస్తావురా, అక్కడ కూర్చుని తిండీ నిద్రా మానుకోవడం తప్ప" అంది. ఇంక అక్కలిద్దరికీ తెలుసంట, వాళ్ళు కూడా చెప్పలేదు. కోపంగా ఉంది, కానీ ఎవరి మీద పడాలో తెలీట్లేదు. మీ ఇళ్ళల్లో ఇలాంటివి ఎలా చెప్పుకుంటారు? ఏదన్నా పద్ధతి పెట్టుకున్నారా?

దగ్గరున్నదాన్ని

నేను అటుపక్కదాన్ని. అంటే అమ్మావాళ్ళకి దగ్గర్లో ఉండేది నేనే, అన్నయ్య తమ్ముడు ఇద్దరూ దూరం. కాబట్టి మీ అక్కల తరఫున నాలుగు మాటలు చెప్తా, తప్పుగా అనుకోకండి.

మొదట్లో నేను అన్నీ చెప్పేదాన్ని. అమ్మకి షుగర్ పెరిగింది అని పెడితే చాలు, గంటలో పదకొండు ఫోన్లు. ఆ డాక్టర్ వద్దు ఇంకో డాక్టర్‌కి చూపించు, ఈ టెస్ట్ ఎందుకు చేయించలేదు, ఇంటర్నెట్‌లో ఇలా ఉంది, నువ్వు కాస్త శ్రద్ధగా చూసుకోవాలి కదా. శ్రద్ధగా! పొద్దున ఆఫీసుకి సెలవు పెట్టి క్యూలో నిలబడింది నేను. ఆ రాత్రి నేను అమ్మని చూసుకోవాలా, అన్నయ్యని ఓదార్చాలా? అలా రెండు మూడుసార్లయ్యాక నేనూ చెప్పడం మానేశాను, అయిపోయాక చెప్తే సరిపోతుందిలే అని. దూరంగా ఉన్నవాళ్ళకి వార్త ఎందుకు రాదో చాలాసార్లు కారణం ఇదే, ప్రేమ లేక కాదు.

తర్వాత ఒకసారి పెద్ద గొడవే అయింది, అయ్యాక ఒక ఒప్పందానికి వచ్చాం. ముగ్గురికే ఒక చిన్న గ్రూప్, వదినా మరదలూ కూడా లేరు (వాళ్ళు అలిగారు, అది వేరే కథ). అందులో నేను రాత్రి పడుకునేముందు రెండు నిమిషాలు వాయిస్ మెసేజ్ పెడతా. ఏం జరిగింది, ఏం చేశాం, రేపేంటి. నాకు సలహా కావాలంటే నేనే అడుగుతా, అడక్కపోతే వాళ్ళు "సరే, డబ్బులు పంపనా, నేను డాక్టర్‌తో ఫోన్లో మాట్లాడనా" వరకే అనాలి. టైప్ చేస్తే ఎందుకో భయంగా వినపడుతుంది, "అమ్మ హాస్పిటల్‌లో ఉంది" అని మెసేజ్ చూస్తే గుండె జారిపోదూ? అదే గొంతుతో వింటే నా గొంతు మామూలుగా ఉందని వాళ్ళకి ముందే తెలిసిపోతుంది.

మీ అక్కలతో పోట్లాడే ముందు ఒకసారి కనుక్కోండి, ఆ ఆరు వారాలు నాన్నగారికి చొక్కా తొడిగింది ఎవరో.

సిగ్నల్‌లేదు

మా ఇంట్లో వార్త అందరికీ చేరాలంటే పద్ధతి చాలా సింపుల్, పిన్నికి చెప్పి "ఎవరికీ చెప్పకు" అనడమే. వాట్సాప్ కన్నా ఫాస్ట్ 😀

గ్రూప్‌అడ్మిన్

టెక్నికల్‌గా కొన్ని విషయాలు, నేను తిన్న దెబ్బలే ఇవన్నీ.

27 మంది గ్రూప్‌లో అసలు వార్త పెట్టినా ఎవరూ చూడరు బ్రో, ఎందుకంటే సగంమంది దాన్ని మ్యూట్ చేసి పెట్టుకుని ఉంటారు, అదీ "ఎప్పటికీ" అన్న ఆప్షన్ కొట్టి. మా చిన్నాన్న ఆపరేషన్ సంగతి గ్రూప్‌లో పెట్టాం, అందరికీ తెలిసిందనుకున్నాం, నలుగురికి వారం తర్వాత తెలిసింది. బ్లూ టిక్ ఉందిగా అంటారు, గ్రూప్‌లో అందరూ చూస్తేగానీ అది నీలం అవ్వదు, ఎవరు చూశారో తెలియాలంటే మెసేజ్ నొక్కిపట్టుకుని ఇన్ఫో చూడాలి. అందుకని గ్రూప్ పువ్వులకి వదిలేసి, ఇంటి సంగతులకి ఇంకో చిన్నది పెట్టుకోండి, పైన ఆవిడ చెప్పినట్టు.

ఆ చిన్న గ్రూప్‌లో డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉందేమో చూసుకోండి. అది 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు అని ఉంటుంది, మాది ఎవరు పెట్టారో 7 రోజులకి పెట్టారు, మందుల చీటీ అందులోనే ఉంది, కావాల్సినప్పుడు చూస్తే మాయం. ఇంకోటి, రిపోర్టులు ఫోటోగా పంపితే సైజు తగ్గించేసి పంపుతుంది, చిన్న అంకెలు అలుక్కుపోతాయి, డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది. ఎక్స్‌రేలకి మరీ ముఖ్యం.

ఆరోగ్య చిట్కాల గోలకి మాత్రం నా దగ్గర మందు లేదు. 2020 నుంచి బాగా ఫార్వర్డ్ అయిన మెసేజ్‌ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తున్నారు, మా పెదనాన్న ఓపిగ్గా ఒక్కొక్కళ్ళకీ విడివిడిగా పంపుతున్నారు.

పాతగడియారం

నాకు 72 ఏళ్ళు. మా వైపు మాట కూడా ఎవరైనా చెప్పాలి కదా అని రాస్తున్నాను, టైపింగ్ నిదానం, తప్పులుంటే క్షమించండి.

బాబూ, మీ నాన్నగారు దాచారని కోపం వద్దు. నేనూ దాచాను. కళ్ళ ఆపరేషన్ చేయించుకుని వచ్చి నాలుగు రోజులు నల్ల కళ్ళజోడు పెట్టుకుని వీడియోలో కనబడకుండా ఫోనే మాట్లాడాను. ఎందుకంటే మా పెద్దవాడు అమెరికా, అమ్మాయి యూరప్, వాళ్ళకి ఫోన్ చేద్దామంటే వాళ్ళకి ఎప్పుడు అర్ధరాత్రో ఎప్పుడు ఆఫీసో లెక్క వేసుకోవాలి. దానికితోడు అక్కడ ఏడాదికి రెండుసార్లు గడియారం మారుస్తారు, పోనీ ఇద్దరూ ఒకేరోజు మారుస్తారా అంటే అదీ లేదు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, యూరప్‌లో మార్చి ఆఖరి ఆదివారం. ఆ మధ్యలో రెండు మూడు వారాలు అబ్బాయి ఫోన్ మాకు గంట ముందే మోగుతుంది, అమ్మాయిది మామూలు టైంకే వస్తుంది, ముగ్గురం కలిసి మాట్లాడుకునే కాల్ కాస్తా గందరగోళం. మళ్ళీ అక్టోబరు, నవంబర్లలో ఇదే తంతు. ఇంత లెక్క వేసుకుని అర్ధరాత్రి లేపి చెప్పాల్సినంత విషయమా ఇది అనుకుంటాం. అనుకోగానే వాయిదా. వారం దాటాక చెప్తే "ఇన్నాళ్ళూ చెప్పలేదా" అంటారని ఇంకో వాయిదా. దాచడమంటే మీరనుకున్నట్టు కుట్ర ఏం కాదు, ఇలా రోజురోజుకీ ముదురుతుంది అంతే.

రెండోది, మీరు అడిగే ప్రశ్న. "ఏంటి నాన్నా విశేషాలు" అంటారు. మాకు విశేషాలేముంటాయి? "ఏం లేవు, నువ్వే చెప్పాలి" అంటాం. "నాకూ ఏం లేవు" అంటారు. ఇంక ఇద్దరం ఎండల గురించి మాట్లాడుకుని పెట్టేస్తాం. మా అమ్మాయి ఇప్పుడు అలా అడగదు. "ఇవాళ వాకింగ్‌కి ఎంతదాకా వెళ్ళారు, ఆ బెంచీ మీద ఎవరున్నారు" అంటుంది. బెంచీ దాకా వెళ్ళలేదమ్మా అంటే ఎందుకు వెళ్ళలేదు అంటుంది, మోకాలు సంగతి అలా బయటపడిపోతుంది. ఒక్కోసారి తను బట్టలు మడతపెట్టుకుంటూ ఫోన్ పక్కన పెట్టేస్తుంది, పది నిమిషాలు ఎవరం మాట్లాడం, నేను పేపర్ చదువుకుంటాను. అప్పుడే ఏదో గుర్తొచ్చి చెప్తాను. ఆదివారం కాల్‌కి మా ఆవిడా నేనూ తల దువ్వుకుని కూర్చుంటాం, అందులో నిజాలు రావు బాబూ.

ఇంకొకటి అడుగుతాను, జవాబు ఇక్కడ రాయక్కర్లేదు. మీ కష్టాలు మీరు వాళ్ళకి చెప్తున్నారా?

చివరివాడు

పెద్దాయన ఆఖరి ప్రశ్న చదివి రెండ్రోజులు ఏం రాయలేకపోయా. చెప్పట్లేదండి. నాకు ఉద్యోగం పోయి రెండు నెలలైంది, వాళ్ళకి కంగారెందుకని "ఆఫీసు బాగానే ఉంది" అంటున్నా. రాస్తుంటే నాకే నవ్వొస్తోంది.

పెద్దక్కకి ఫోన్ చేశా. చొక్కా సంగతి అడగలేదు, అడిగే ధైర్యం చాల్లేదు, థ్యాంక్స్ మాత్రం చెప్పా, తను కాసేపు ఏం అనలేదు, తర్వాత "తాగావా" అంది. నలుగురికీ చిన్న గ్రూప్ పెట్టాం. సలహాలు అడిగితేనే అన్న రూల్ కూడా పెట్టాం, పెట్టిన గంటకే అన్నయ్య తప్పాడు.

నిన్న నాన్నకి ఆదివారం కాకపోయినా చేశా, విశేషాలేంటి అనకుండా "ఇవాళ చొక్కా గుండీలు మీరే పెట్టుకున్నారా" అన్నా. దాని మీద ఇరవై నిమిషాలు మాట్లాడారు. పై గుండీ ఒక్కటే పడట్లేదంట. తర్వాత నా ఉద్యోగం గురించి చెప్పేశా. నాన్న "తెలుసులేరా, రెండు నెలల్నుంచి నీకు ఆఫీసు టైంలో ఫోన్ చేసినా మొదటి రింగుకే ఎత్తుతున్నావుగా" అన్నారు. ఆయన గమనించారు, నేనేమో చెయ్యి గమనించలేదు.

దగ్గరున్నదాన్ని

అన్నయ్యలు తప్పుతారు, మాకూ మొదట్లో అంతే, మూడోసారికి దారికొస్తారు. ఇంతకీ ఇప్పుడు ఆ చెయ్యి ఎలా ఉంది? కట్టు విప్పాక కొన్నాళ్ళు బిగుసుకుపోయి ఉంటుంది, ఫిజియోకి తీసుకెళ్తున్నారా? (సలహా కాదు, అడుగుతున్నా అంతే 😀)

చివరివాడు

వెళ్తున్నారండి, మెత్తటి బంతి ఇచ్చి నొక్కమన్నారంట. బంతి ఫోటో పంపారు నాన్న, ఎడంచేత్తో తీసినట్టున్నారు, సగం వేలే ఉంది అందులో.