కొత్తదంటే వెనక్కి తగ్గుతాను, నా స్వభావమే ఇంతా? మారుతుందా?

తెనాలి_అమ్మాయి:

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. నాకు 36 ఏళ్లు, పుట్టింది పెరిగింది తెనాలిలో, పెళ్లయ్యాక హైదరాబాద్ వచ్చాను, పన్నెండేళ్లుగా ఒకే కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. మా వారికి జర్మనీలో, మ్యూనిక్‌లో ఉద్యోగం వచ్చింది. బ్లూ కార్డు (అక్కడ ఉద్యోగం చేయడానికి ఇచ్చే పర్మిట్) మీద ఆయన ముందు వెళ్తారు, పాప పరీక్షలయ్యాక మేమిద్దరం వెళ్లాలి. ఇంట్లో అందరికీ పండగలా ఉంది, నాకు మాత్రం రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

మా ఆయనా మా ఆడపడుచూ ఇద్దరిదీ ఒకటే మాట, "నీకు కొత్తదంటేనే పడదు" అని. నిజం లేకపోలేదు. టిఫిన్‌కి బయటికెళ్తే ఏళ్ల తరబడి అదే హోటల్, అదే పెసరట్టు. అరకు వెళ్లినప్పుడు మూడు రోజులకి గోంగూర పచ్చడి సీసా, కారప్పొడి సర్దుకుని వెళ్లాను. మొదటి రోజు అందరూ రోడ్డు పక్కన బొంగులో చికెన్ తింటుంటే నేను కార్లోనే కూర్చున్నాను. ఫోన్ కూడా పాతది పూర్తిగా చచ్చిపోతే తప్ప మార్చను.

మొన్న ఆఫీసులో ఒకమ్మాయి చెబితే ఆన్‌లైన్‌లో 120 ప్రశ్నల పర్సనాలిటీ టెస్ట్ రాశాను. ఐదు గుణాలకు స్కోర్ ఇస్తారు చూడండి, అది. ఓపెన్‌నెస్, అంటే కొత్తవాటికి మనసు తెరిచి ఉండే గుణం, తక్కువ అని వచ్చింది, దాని లోపల అడ్వెంచరస్‌నెస్ (కొత్త పనులు చేసి చూడటం) అనేది అయితే మరీ అడుగున ఉంది. అది చూసిన దగ్గర్నుంచి టెన్షన్ ఇంకా పెరిగింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు కదా. నా తత్వమే ఇదైతే అక్కడికి వెళ్లి నేను ఉండగలనా? ఉండలేక మధ్యలో వచ్చేస్తే పాప చదువు ఏమవుతుంది? ఈ టెస్టుల్ని ఎంతవరకు నమ్మాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు_మాస్టారు:

అమ్మా, నేను డిగ్రీ కాలేజీలో సైకాలజీ చెప్పి రిటైరయ్యాను కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను. నువ్వు రాసిన టెస్ట్ పనికిరానిదేం కాదు, మంచి పునాది ఉన్నదే. కానీ దాన్ని చదివే పద్ధతి ఒకటుంది. ఐదు గుణాలు, ఒక్కోదాని కింద ఆరు ముక్కలు, అంటే మొత్తం 30. ప్రశ్నలు 120. లెక్క వేసుకో, ఒక్కో ముక్కకి వచ్చేవి నాలుగే ప్రశ్నలు. నీకు నిద్ర లేకుండా చేస్తున్న ఆ అడ్వెంచరస్‌నెస్ స్కోరు నాలుగు ప్రశ్నలకు నువ్వు ఆ పూట పెట్టిన టిక్కుల మీద నిలబడింది. అదీ ఇంట్లో జర్మనీ గొడవ నడుస్తున్న సమయంలో.

ఇంకోటి. ఓపెన్‌నెస్ అంటే ప్రయాణాలూ కొత్త తిండీ మాత్రమే కాదు. ఊహాశక్తి, సంగీతం సాహిత్యం లాంటి కళల మీద ఇష్టం, మనసులో ఏం కదులుతోందో పట్టుకోగలగడం, కొత్త పనులు చేసి చూడటం, ఆలోచనల మీద ఆసక్తి, పాత కట్టుబాట్లను ప్రశ్నించే గుణం, ఈ ఆరూ కలిపి ఒక పేరు పెట్టారు. ఆరింటినీ కలిపి ఒక్క నంబరు చేస్తే ఎక్కువా తక్కువా కలిసిపోయి మనిషి కనపడడు. మిగతా ఐదూ ఎంత వచ్చాయో చెప్పు.

తెనాలి_అమ్మాయి:

మాస్టారూ, ఇప్పుడే తీసి చూశాను. కళలు చాలా ఎక్కువ, ఆలోచనలు కూడా ఎక్కువే, ఊహ మధ్యలో ఉంది, మిగతా మూడూ తక్కువ. నాకు కర్ణాటక సంగీతం పిచ్చి. ఎక్కడైనా తెలియని రాగం చెవిన పడితే అదేమిటో తేలేదాకా ఇంకో పని చేయలేను. రీతిగౌళకీ ఆనందభైరవికీ తేడా పట్టుకోవడానికి ఒకసారి నెల రోజులు రోజూ రాత్రి గిన్నెలు తోముతూ ఆ రెండే మార్చి మార్చి విన్నాను, చివరికి గమకం దగ్గర దొరికింది. కానీ ఇది ఓపెన్‌నెస్ ఎలా అవుతుంది, ఇంట్లో కూర్చునే కదా వింటున్నాను?

వైజాగ్_రాజు:

అక్కా, ఆ ఐదు గుణాలు వదిలెయ్. 16 టైపుల టెస్ట్ ఒకటి ఉంది, నాలుగు అక్షరాల్లో నువ్వేంటో తేల్చి చెప్పేస్తుంది. నాది రాశాక నా గురించి నాకు మొత్తం అర్థమైంది. మా టీమ్‌లో అందరం రాశాం. నీ టైపుకి విదేశాలు పడతాయో లేదో కూడా అందులో ఉంటుంది.

ఓరుగల్లు_మాస్టారు:

రాజూ, నీకు ఉపయోగపడిందంటే సంతోషం, కానీ ఆమె తీసుకోబోయే నిర్ణయానికి అది సరిపోదు బాబూ. యూంగ్ అనే మనస్తత్వవేత్త 1921లో రాసిన ఆలోచనల మీద తర్వాత ఒక తల్లీ కూతురూ కలిసి కట్టిన పద్ధతి అది. అందులో ప్రతి గుణాన్నీ మధ్యలో గీత గీసి రెండు ముక్కలు చేస్తారు. జనంలో ఎక్కువమంది ఉండేదే ఆ మధ్యలో. గీతకి అటు ఒక మార్కు వస్తే ఒక టైపు, ఇటు ఒక మార్కు వస్తే ఇంకో టైపు. అందుకే కొన్ని వారాలాగి మళ్లీ రాస్తే చాలామందికి వేరే అక్షరాలు వస్తాయి. విదేశాలు పడతాయా లేదా అని ఏ టెస్టూ చెప్పజాలదు, మేం వాడినవాటితో కలిపి.

అమ్మా, ఇప్పుడు నీ ప్రశ్న. ఇంట్లో కూర్చుని విన్నా అది ఓపెన్‌నెస్సే, అందులో మంచి భాగం. తెలియనిది ఎదురైతే వదలకుండా దాని వెంట పడ్డావు. నీ కుతూహలానికి ఏ లోటూ లేదు. లోటు ఇంకెక్కడో ఉంది.

అసలు ఈ ఐదు గుణాల కథ నిఘంటువుతో మొదలైంది. 1936లో ఆల్‌పోర్ట్, ఓడ్‌బర్ట్ అని ఇద్దరు సైకాలజిస్టులు ఇంగ్లీషు డిక్షనరీ ముందేసుకుని మనుషుల్ని వర్ణించే మాటలు ఏరితే దాదాపు 18,000 తేలాయి. వాటిని వడకట్టగా వడకట్టగా దశాబ్దాల తర్వాత ఐదు మిగిలాయి. మన భాషలో అలా ఏరితే ఏమొస్తుందో చూడు. బెరుకు, జంకు, బిడియం, మొహమాటం, విముఖత, నిరాసక్తి, ఇవన్నీ బయటి నుంచి చూసేవాళ్లకి ఒకేలా ఉంటాయి, "కొత్తదంటే పడదు" అని తేల్చేస్తారు. లోపల మాత్రం ఒకదానికొకటి సంబంధం లేదు. నిరాసక్తి ఉన్నవాడికి ఆ వస్తువే అక్కర్లేదు. బెరుకు ఉన్నవాడికి కావాలి, కానీ భయం. మొహమాటం ఉన్నవాడికి వస్తువుతో పేచీ లేదు, అడగడంతోనే పేచీ. టెస్టులో మొదటిది ఓపెన్‌నెస్ కిందకి వస్తుంది, రెండోది భయాలూ ఆందోళనలూ ఉండే వేరే గుణం కిందకి పోతుంది. నీది వీటిలో ఏదో నువ్వే చెప్పాలి. అరకులో కార్లో కూర్చున్నప్పుడు నీ మనసులో ఏముంది?

సామెత గురించి కూడా చెబుతాను. కవలల మీద చేసిన అధ్యయనాల్లో, మనిషికీ మనిషికీ స్వభావంలో ఉండే తేడాల్లో సగానికి అటూ ఇటూగా పుట్టుకతో వచ్చిందని తేలింది. అది జనం మధ్య తేడాల లెక్క. నీలో సగం రాతి మీద చెక్కేశారని అర్థం కాదు. స్వభావం వయసుతో కదులుతుంది, నిదానంగా.

బడి_పంతులమ్మ:

నేను విజయనగరం దగ్గర ప్రైమరీ స్కూల్లో ఒకటో తరగతి చెబుతాను. ఏటా జూన్‌లో బడి తెరిచిన మొదటి వారం మీలాంటి పిల్లల్ని చూస్తాను చెల్లీ. కొందరు గేటు దాటగానే బల్లెక్కేస్తారు, కొందరు వారమంతా ఏడుస్తారు. ఇంకొందరుంటారు, ఏడవరు, ఆడరు, తలుపు పక్కన నిలబడి బ్యాగు పట్టీ నోట్లో పెట్టుకుని చూస్తూనే ఉంటారు. పోయినేడాది ఒక పిల్ల పదకొండు రోజులు అలాగే నిలబడింది. పన్నెండో రోజు వచ్చి కూర్చుంది, చూస్తే పాటలన్నీ అప్పటికే నోటికొచ్చు, ఏ పిల్లాడి పెన్సిల్ ఎక్కడుందో కూడా తెలుసు.

మా ట్రైనింగ్‌లో చదివాం, థామస్, చెస్ అనే దంపతులు 1956 నుంచి న్యూయార్క్‌లో పసిపిల్లల్ని ఏళ్ల తరబడి గమనించి స్వభావాలు విడదీశారు. ఇలాంటి పిల్లల్ని నిదానంగా వేడెక్కేవాళ్లు అన్నారు, వంద మందిలో 15 మంది దాకా ఉంటారట. వాళ్లు చెప్పిన ముఖ్యమైన సంగతి ఏంటంటే పిల్ల తత్వం మంచిదా చెడ్డదా అని కాదు, చుట్టూ ఉన్నవాళ్లు ఆ తత్వానికి తగ్గట్టు నడుచుకుంటున్నారా లేదా అని. ఆ పిల్లని నేను మొదటి రోజే చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టి ఉంటే ఇంకో నెల పట్టేది. మీ ఇంట్లోవాళ్లు మిమ్మల్ని లాగుతున్నారేమో చూసుకోండి.

ఇంకోమాట, ఎవరూ అనలేదు కాబట్టి నేనంటున్నాను. మీరు పెళ్లయి తెనాలి నుంచి హైదరాబాద్ వచ్చారు. కొత్త ఇల్లు, కొత్త మనుషులు, వేరే వంట, వేరే యాస, వాటి మధ్యే ఉద్యోగం వెతుక్కుని నిలబడ్డారు. ఒక్కడే బైకు మీద లడఖ్ వెళ్లొచ్చిన కుర్రాడికి కొత్తదంటే ఎంత ఇష్టమో అంటారు. అత్తారింటికి వచ్చి బతుకు మొత్తం మార్చుకున్న ఆడదాన్ని అలా ఎవరూ లెక్కపెట్టరు. మీరు లెక్కపెట్టుకోండి.

గోదారి_టు_స్టుట్‌గార్ట్:

అక్కా, మాది రాజమండ్రి, నేను ఇక్కడికొచ్చి ఎనిమిదేళ్లు. నాదీ మీ బాపతే. వచ్చిన కొత్తలో బేకరీలో నోరు తెరవడానికి జంకి నెల రోజులు ఒకే రొట్టె వైపు వేలు చూపించి కొనుక్కున్నాను. మా ఆవిడ పూర్తిగా వేరు, మొదటి మూడు నెలల్లో ఊళ్లన్నీ తిరిగేసింది. తర్వాత చలికాలం వచ్చింది. డిసెంబర్‌లో ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి, ఆదివారం షాపులన్నీ మూత, బయట నరమానవుడు కనపడడు. అప్పుడు తను బాగా దిగులుపడింది, నేను నిలబడ్డాను. ఎందుకంటే అప్పటికి నాకో క్రమం ఏర్పడింది. శనివారం పొద్దున సంత, అక్కణ్ణుంచి లైబ్రరీ, తాగేసిన ప్లాస్టిక్ సీసాలు సూపర్ మార్కెట్ మెషీన్‌లో వేసి సీసాకి 25 సెంట్లు వెనక్కి తెచ్చుకోవడం, అదే ట్రామ్, అదే సీటు.

చెప్పేదేంటంటే ఇక్కడి జీవితం నడిచేదే క్రమం మీద. చెత్త నాలుగు డబ్బాల్లో వేరు చేయాలి, ఇల్లు మారితే రెండు వారాల్లో ఆఫీసుకెళ్లి అడ్రస్ నమోదు చేయించుకోవాలి, ప్రతిదానికీ ముందు అపాయింట్‌మెంట్. పద్ధతిగా ఉండే మనిషికి ఇదంతా మూడు నెలల్లో చేతికొచ్చేస్తుంది, పైగా మీది అకౌంట్స్ బుర్ర. కష్టం భాష దగ్గర. బ్లూ కార్డు వాళ్ల భార్యకి వీసా కోసం భాషా సర్టిఫికెట్ అడగరు, దాంతో చాలామంది నేర్చుకోకుండానే వచ్చేసి ఇంట్లో ఇరుక్కుపోతారు. మీరు అలా చేయకండి. హైదరాబాద్‌లోనే జర్మన్ నేర్పే గోథే జెంట్రుమ్ ఉంది, ఏ-వన్, అంటే మొదటి మెట్టు, అక్కడే పూర్తి చేసుకుని రండి. రాగాల తేడా పట్టే చెవి ఉన్నవాళ్లకి ఉచ్చారణ తొందరగా పట్టుబడుతుందని నా నమ్మకం. మ్యూనిక్‌లో కచేరీలకి కొదవ లేదు, మన సంగీతం కాకపోయినా వినే అలవాటు మీకుంది.

తెనాలి_అమ్మాయి:

అందరి జవాబులూ రెండుసార్లు చదివాను, పంతులమ్మ గారిది మా ఆయనకి కూడా చదివి వినిపించాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత "నేను లాగుతున్నానా?" అని అడిగారు. అవునన్నాను.

మాస్టారూ, అరకు గురించి అడిగారు కదా, ఆలోచిస్తే గుర్తొచ్చింది. ఆ రోజు నాకు చికెన్ అక్కర్లేక కాదు. వాసన కార్లోకి వస్తూనే ఉంది, ఆ బొంగు ఎలా కాలుస్తున్నారో అద్దంలోంచి చూస్తూనే కూర్చున్నాను. అందరి ముందూ తింటే ఎలా ఉంది, ఎలా ఉంది అని ఎగబడతారు, నచ్చకపోతే ఏం చెప్పాలో తెలియదు. మూడో రోజు తిరిగొచ్చేటప్పుడు వాళ్లు ఫొటోలకి వెళ్తే నేనే దిగి ఒకటి కొనుక్కుని తిన్నాను. ఆకులు తీసేస్తే లోపల చికెన్ నీరు ఊరి మెత్తగా ఉంది, నూనె లేకుండా అంత రుచి వస్తుందనుకోలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీ లెక్కన ఇది బెరుకూ మొహమాటమే, నిరాసక్తి కాదు.

శనివారం ఆ జర్మన్ క్లాసుల సంగతి కనుక్కోవడానికి వెళ్తున్నాను. ఒక్కదాన్నే వెళ్తానని ఇంట్లో చెప్పాను. స్టుట్‌గార్ట్ తమ్ముడూ, ఒక చిన్న సందేహం, మ్యూనిక్‌లో పెసలు దొరుకుతాయా, మోసుకురావాలా?