10×9 గదిలో పాఠాల వీడియోలు: కెమెరా ఎక్కడ, లైటు ఎక్కడ, ఈ ఎకో పోయేదెలా?

బోర్డుమాస్టారు
గది 10×9, కప్పు ఎత్తు 10 అడుగులు. 9 అడుగుల గోడకి 4×3 వైట్‌బోర్డు. ఏపీఎస్-సీ కెమెరా, 50 ఎంఎం లెన్సు, సాఫ్ట్‌బాక్సుతో (వెలుగుని మెత్తబరిచే బట్ట డబ్బా) 60 వాట్ల ఎల్ఈడీ ఒకటి. ఇంటర్ లెక్కలు చెప్పాలి. బోర్డు మొత్తం ఫ్రేములో పట్టట్లేదు, దాని మీద లైటు మెరుస్తోంది, గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంది. గోడకి ఏ రంగు వేయించాలో కూడా చెప్పండి.

లెన్సుబాబు
50ని పక్కన పెట్టండి. మీ ఏపీఎస్-సీ కెమెరా సెన్సర్ (లోపల బొమ్మ పడే పలక) వెడల్పు సుమారు 23.5 మి.మీ. దాన్ని లెన్సు ఎంఎంతో భాగించి దూరంతో గుణిస్తే ఫ్రేము వెడల్పు వస్తుంది. ట్రైపాడ్ కాళ్లకి చోటు పోగా మీకు మిగిలేది 8 అడుగులు. 50తో 3.8 అడుగులే, బోర్డే పట్టదు. 35తో 5.4, బోర్డు పడుతుంది కానీ మీరు సగం బయట. 24తో 7.8, ఇది చాలు. కెమెరాతో వచ్చిన 18-55 బీరువాలో ఉంటే తీసి 24 దగ్గర పెట్టండి. మరీ 18కి లాగితే అంచుల్లో గీతలు వంగుతాయి, గ్రాఫులు గీసేవాళ్లకి అది పనికిరాదు.

సింపుల్‌సెటప్
ఎకోకి ఇంత ఆలోచనెందుకండీ? గుడ్ల అట్టలు కారుచౌకగా దొరుకుతాయి. ఫెవికాల్ రాసి నాలుగు గోడలకీ అంటించండి, అయిపోయింది.

ఓరుగల్లుసౌండ్
మల్ల వచ్చిండ్రు గుడ్ల అట్టలోళ్లు! అన్నా, ఆ అట్ట మందమెంత? సౌండును గుంజుకోవాలంటే మందం కావాలె. 1000 హెర్ట్జ్ అల పొడవు 34 సెంటీమీటర్లు, దాంట్ల నాలుగో వంతు ఎనిమిదిన్నర, దాన్ని మంచిగ గుంజుకోవాలంటే సుమారు అంత లోతు కావాలె. మగ గొంతేమో 100-150 హెర్ట్జ్ కాడ మొదలైతది. అట్టలు పెడితే ‘స’, ‘ష’ల పదును పోతది, కింద గుమగుమ అట్లనే ఉంటది. అప్పుడు గొంతు ఇంకింత డబ్బాలెక్క ఇనొస్తది. పైంగ అది కాయితం, పక్కనే వేడెక్కే లైటు.

సింపుల్‌సెటప్
అంటించక ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చప్పట్లు కొట్టి చూడండి. తేడా చెవికే తెలుస్తుంది. లెక్కలు వేరు, గది వేరు.

ఓరుగల్లుసౌండ్
చప్పట్లల ఎక్కువుండేదే పై ఫ్రీక్వెన్సీ. అది తగ్గుతది, కాదన్ననా? పాఠం చప్పట్లతోని చెప్తరా? డబ్బింగ్ థియేటర్ల పన్జేసేటోణ్ని, నాకు చెప్తవా నువ్వు?

సింపుల్‌సెటప్
‘నువ్వు’ అనకండి. మీ థియేటర్ బడ్జెట్ అందరికీ ఉండదు.

ఓరుగల్లుసౌండ్
బడ్జెటే చెప్తున్న, రాసుకో. ఘనపు మీటరుకు 48 కేజీల సాంద్రత, 50 మి.మీ. మందం రాక్‌వూల్ (రాయిని కరిగించి చేసిన దూది) స్లాబులు ఆరు, 4×2 అడుగుల సైజు. చెక్క ఫ్రేములల్ల పెట్టి పల్చటి నూలు బట్ట చుట్టాలె. నోటితోని ఊదితే గాలి అవతలికి పోవాలె, పోకుంటే ఆ బట్ట పనికిరాదు. గోడకు ఆనియ్యకు, రెండించులు ఖాళీ ఇడువు, అప్పుడు ఇంకింత కింది ఫ్రీక్వెన్సీ గుంజుతది. కెమెరా ఎనక గోడకు మూడు, ఎందుకంటే గొంతు పోయి తగిలేది ఆడనే. పక్కలకు ఒక్కోటి, ఆరోది నెత్తి మీద. కోసేటప్పుడు మాస్కు, చేతులకు గ్లౌజులు పెట్టుకో, లేకుంటే రాత్రంతా గోక్కుంటవ్.

బొంతలబ్యాచ్
అద్దె ఇంట్లో ఫ్రేములు కొట్టనివ్వరు కదా. పాత చీరల బొంతలు రెండేసి కలిపి, గోడకి నాలుగించులు ఎడంగా తాడు మీద వేలాడదీయండి. మడతలు పడేలా వదులుగా ఉండాలి, బిగించి కట్టకూడదు. వీడియో అయిపోగానే తీసి మడతపెట్టేయొచ్చు. బూరుగుదూది పరుపు ఉంటే ట్రైపాడ్ వెనక నిలబెట్టండి. ఒక మాట, ఇవేవీ బయటి మోత ఆపవు. గాలి దూరే సందులోంచే చప్పుడూ వస్తుంది. కిటికీ రెక్కలకి రబ్బరు బీడింగు, తలుపు కింద బ్రష్ పట్టీ వేయించండి.

కాలర్‌మైకు
గోడల మీద కొట్టుకుంటున్నారు గానీ మైకు ఎక్కడుందో ఒక్కరూ అడగలేదు. మైకు దూరం సగం చేస్తే నేరుగా వచ్చే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, ఎకో ఉన్నంతే ఉంటుంది. కెమెరా మీద షాట్‌గన్ (పొడుగు గొట్టం మైకు) పెట్టి ఇంత చిన్న గదిలో వాడటం దండగ, గోడల మీంచి తిరిగొచ్చే శబ్దం దాని గొట్టాన్ని గందరగోళం చేస్తుంది. కాలర్ మైకు గడ్డానికి జానెడు కింద పెట్టండి. బోర్డు ఏ వైపుంటే ఆ వైపు కాలర్‌కే, రాయడానికి తిరిగినప్పుడు నోరు అటే ఉంటుంది. గంజి పెట్టిన చొక్కా వద్దు, ప్రతి కదలికకీ గరగరమంటుంది. మెళ్లో గొలుసుంటే లోపలికి వేసి టేపు అంటించండి.

బెజవాడఎండ
ఫ్యాన్ సంగతి? మే నెలలో ఫ్యాన్ ఆపి పాఠం చెప్పమంటే మార్కర్ చేతిలోంచి జారిపోద్ది.

కాలర్‌మైకు
ముందు ఏసీ వేసి గది చల్లబరిచి, రికార్డింగ్‌కి ఆపేయండి. ఏసీ లేకపోతే ఫ్యాన్ ఒకట్లో పెట్టండి. పాత ఎలక్ట్రానిక్ డిమ్మర్ రెగ్యులేటరైతే తక్కువ స్పీడులో మోటారు జుయ్‌మంటుంది, కెపాసిటర్ స్టెప్ రెగ్యులేటర్ బిగించండి. లైటు మాత్రం రెక్కలకి పైన ఉండకూడదు, ఫ్రేమంతా టపటపలాడుతుంది.

కరెంటుశాస్త్రి
ఇక్కడి కరెంటు 50 హెర్ట్జ్, అందుకే 25 ఎఫ్‌పీఎస్‌లోనే (సెకనుకి 25 ఫ్రేములు) తీయాలి. 30లో తీస్తే ఎల్ఈడీ బల్బుల కింద నల్ల పట్టీలు పాకుతాయి.

లెన్సుబాబు
సగం నిజం. పట్టీలకి కారణం షట్టరు, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుగు పడే సమయం. లైటు సెకనుకి 100 సార్లు ఎక్కి దిగుతుంది. షట్టరు 1/50 గానీ 1/100 సెకను గానీ ఉంటే ప్రతి వరుసకీ పూర్తి చక్రాల వెలుగే పడుతుంది, అప్పుడు 30 ఎఫ్‌పీఎస్ అయినా ఏం కాదు. 1/60 పెడితేనే గొడవ. ఫోన్లలో షట్టరు దానంతటదే మారిపోతుంది కాబట్టి మీ సలహా వాళ్లకి కొంత పనికొస్తుంది.

కరెంటుశాస్త్రి
‘కొంత’ అట. నేను చెప్పింది మొదటిరోజు వాడికి అర్థమవ్వాలని, పీహెచ్‌డీలకి కాదు.

బోర్డుమాస్టారు
మెరుపు గురించి ఎవరూ చెప్పలేదు.

థర్మకోల్
లైటు కెమెరా పక్కన ఉంటే అది అద్దంలోలా కనబడి తీరుతుంది. సాఫ్ట్‌బాక్సు తీసి బోర్డుకి ఒక పక్కన, 45 డిగ్రీల కంటే వాలుగా పెట్టండి. ఎదురు పక్కన రెండో లైటు కొనక్కర్లేదు, 4×2 థర్మకోల్ షీటు నిలబెడితే వెలుగు తిప్పి కొడుతుంది. ఇంకా మెరుపు మిగిలితే బోర్డు పై అంచు వెనక చెక్క ముక్క పెట్టి ఒకటిన్నర ఇంచు ముందుకి వంచండి, అప్పుడు బోర్డులో కనబడే ప్రతిబింబం కిందికి జరుగుతుంది. ఎక్స్‌పోజర్ (వెలుగు సెట్టింగు) ఆటోలో వద్దు. తెల్ల బోర్డు చూసి కెమెరా మొత్తం చీకటి చేసి మొహం నల్లబరుస్తుంది. మొహం చూసుకుని లాక్ చేయండి. ఫోకస్ కూడా లాకే.

సింపుల్‌సెటప్
థర్మకోల్ మాత్రం అంటుకోదా? గుడ్ల అట్టే పాపం చేసిందా?

ఓరుగల్లుసౌండ్
అది స్టాండు మీద ఉంటది, గోడంతా అంటియ్యరు.

బోర్డుమాస్టారు
గోడ రంగు?

కరెంటుశాస్త్రి
రంగు తర్వాత, ముందు ఎర్తింగ్ చూసుకోండి. ల్యాప్‌టాప్ చార్జరు తీసేయగానే మైకులో గుయ్‌మనే హమ్ పోతే మీ ప్లగ్గులో ఎర్త్ లేకపోయి ఉండొచ్చు. మూడు పిన్నులుంటే ఎర్త్ ఉన్నట్టు కాదు, ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టించండి. అప్పటిదాకా బ్యాటరీ మీదే రికార్డు చేయండి. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్‌దైతే కరెంటు పోయినప్పుడు రికార్డింగే వద్దు, ఫ్యాన్ గుర్రుమంటుంది.

థర్మకోల్
మ్యాట్, లేత బూడిద రంగు. ఇప్పుడున్నది లేతాకుపచ్చైతే తప్పకుండా మార్పించండి, ఇంత ఇరుకులో ఆ రంగు చెంపల మీద పడుతుంది. ఎనామిల్ మాత్రం వద్దు, రెండో వైట్‌బోర్డు అవుతుంది.