‘క్యాటిల్’ అంటే మన గేదెలు కూడా వస్తాయా?

ప్రశ్న (పి. గన్నవరం దగ్గరి లంక నుండి)

వరద వచ్చిన ప్రతిసారీ పశువులను ఏటిగట్టు మీదికి తోలుకొని వెళ్ళి, నీరు తీసేదాకా అక్కడే కట్టుకొని ఉండవలసి వస్తున్నందున, వాటికి బీమా చేయిద్దామని నాన్నగారు దరఖాస్తు పెట్టారు. అది తిరిగి వచ్చింది. ఆంగ్లంలో ఉన్న ఆ పత్రంలో ‘క్యాటిల్’ అనే గడిలో ఆయన రెండు ఆవులు, మూడు గేదెలు కలిపి అయిదు అని వ్రాశారట. పక్కనే ‘బఫెలో’ గడి వేరుగా ఉంది. మా ఇంట్లోని నిఘంటువు చూస్తే క్యాటిల్‌కూ, ‘లైవ్‌స్టాక్’కూ కూడా ‘పశువులు’ అనే ఉంది. గేదె పశువు కాదా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1 (తణుకు, విశ్రాంత ఆంగ్లోపాధ్యాయుడు)

తప్పు నాన్నగారిది కాదండీ, ఒక్క మాటతో సరిపెట్టిన నిఘంటువుది. పశువులు అనగానే మన డెల్టాలో ముందుగా కళ్ళకు కట్టేది గేదె. నేటి ఆంగ్లంలో క్యాటిల్ అంటే మాత్రం ఆవులు, ఎద్దులు, వాటి దూడలు. శాస్త్రరీత్యా కూడా ఆవు ‘బోస్’ ప్రజాతికి, మన గేదె ‘బ్యుబాలస్’ ప్రజాతికి చెందినవి.

అయితే ఈ మాట పూర్వం ఇంత ఇరుకుగా లేదు. లాటిన్ ‘క్యాపిటేల్’ నుండి ఫ్రెంచి మీదుగా ఆంగ్లంలోకి వచ్చినప్పుడు దీని అర్థం ఆస్తి. పెట్టుబడి అనే అర్థంలో మనం వాడే ‘క్యాపిటల్’ దీనికి తోబుట్టువే. 1611 నాటి ఆంగ్ల బైబిలులో, ఆదికాండము 30వ అధ్యాయంలో, యాకోబు కాచిన గొఱ్ఱెలనూ మేకలనూ సైతం క్యాటిల్ అన్నారు. మా వియ్యాలవారి శ్రీకాకుళం వైపు నేటికీ పశువులను ‘సొమ్ములు’ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఈ లాటిన్ సంగతే గుర్తుకు వస్తుంది.

మరొక మెలిక ఉంది. క్యాటిల్ ఎప్పుడూ బహువచనమే కనుక ‘ఎ క్యాటిల్’ అనీ, ‘క్యాటిల్స్’ అనీ అనకూడదు; లెక్క చెప్పవలసి వస్తే ‘ట్వెంటీ హెడ్ ఆఫ్ క్యాటిల్’ అంటారు, అక్కడ ‘హెడ్’కు కూడా ‘ఎస్’ చేరదు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ‘క్యాటిల్స్’ను ఎఱ్ఱసిరాతో కొట్టివేశాను, మా వీధి చివర దాణా కొట్టు బోర్డు మీద అది నేటికీ నిక్షేపంగా ఉంది.

జవాబు 2 (అమలాపురం, పశువైద్య సహాయకుడు)

మాస్టారు చెప్పినది నిజం. మా లెక్కలూ అలాగే ఉంటాయి. 2019 నాటి 20వ పశుగణనలో దేశం మొత్తం మీద లైవ్‌స్టాక్ సుమారు 53.6 కోట్లు, అందులో క్యాటిల్ 19.2 కోట్లు, గేదెలు 11 కోట్లు, మిగిలినవి చాలావరకు మేకలు, గొఱ్ఱెలు, పందులు. కోళ్ళను ఆ మొత్తంలో కలపకుండా విడిగా లెక్కించారు. కనుక గేదె లైవ్‌స్టాక్‌లో ఉంటుంది, క్యాటిల్‌లో ఉండదు. దరఖాస్తును తిరిగి వ్రాసేటప్పుడు ఒక్కొక్క పశువు చెవికి వేసిన పసుపు ట్యాగుపై ఉన్న 12 అంకెల సంఖ్యను పేడ తుడిచి, సరిగ్గా చూసి వేయండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. మా మూడు గేదెలలో ఒకటి ఇంకా ఈనని పెయ్య. దానిని కూడా బఫెలో గడిలోనే వేయాలా?

జవాబు 2 (అమలాపురం)

అవునండీ. గేదె పెయ్య గేదెల లెక్కలోకే వస్తుంది. వయస్సు మాత్రం విడిగా వ్రాయండి.