సీటు కింద లాకర్లోకి వర్షం నీళ్ళు, గాస్కెట్ మార్చినా ఆగట్లేదు

తెరచాప22
అందరికీ నమస్కారం. మాది 22 అడుగుల ఫైబర్ సెయిలింగ్ బోటు. గట్టి వాన పడితే చాలు కాక్‌పిట్ (కూర్చుని బోటు నడిపే చోటు) సీట్ల కింద లాకర్లలో నీళ్ళు నిలుస్తున్నాయి, తాళ్ళు, లైఫ్ జాకెట్లు, స్పేర్ తెరచాప అన్నీ వాటిలోనే ఉంటాయి కాబట్టి మూత తీస్తే బూజు వాసన. పాత గాస్కెట్ (మూతకి నీళ్ళు దూరకుండా అతికించే మెత్తటి పట్టీ) పీకేసి ఇంకాస్త మందంగా ఉన్న కొత్తది వేశాను, తగ్గకపోగా ఎడమవైపు దాంట్లో ఇంకా ఎక్కువ వస్తున్నట్టుంది. ఏం చూడమంటారు?

గాలివాటం
మందం పెరిగితే మేలే అనుకుంటాం గానీ మూత ముందు హింజ్ దగ్గర గాస్కెట్‌ని తగిలి అక్కడే ఆగిపోతుంది, ఎదుటి అంచు దిగదు. సుద్దముక్కతో లాకర్ నోటి అంచు అంతా రుద్దండి, మూత వేసి గొళ్ళెం పెట్టి మళ్ళీ తీసి గాస్కెట్ మీద గీత ఎక్కడ పడలేదో చూడండి, సందు అక్కడే ఉన్నట్టు. గాస్కెట్ స్పాంజ్‌లా నీళ్ళు పీల్చే రకం అయితే ఎంత బాగా అతికించినా దండగే. క్లోజ్డ్ సెల్ (నీళ్ళు పీల్చని) ఈపీడీఎమ్ అనే రకం రబ్బరు తీసుకోండి, ఎండకి తట్టుకుంటుంది, మూత వేసినప్పుడు మూడో వంతు అణిగితే చాలు. మూలల్లో సాగదీసి అతికించకండి, అక్కడ పలచబడిపోతుంది.

లంగరు తాడు
పైన చెప్పింది కరెక్టే కానీ నేనైతే గాస్కెట్‌ని చివర్లో చూస్తాను. వాన నీటిని ఆపాల్సిన మొదటి పని మూత కింద చుట్టూ ఉండే గాడిది. మూత సందులోంచి కారిన నీరు ఆ గాడిలో పడి, దాని రంధ్రంలోంచి కాక్‌పిట్‌లోకి వెళ్ళిపోవాలి, గాస్కెట్ దాకా రానేకూడదు. 1 చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు నీరండీ, అంటే 2 చదరపు మీటర్ల కాక్‌పిట్ మీద 50 మిల్లీమీటర్ల వాన పడిందంటే 100 లీటర్లు, అదంతా ఎటో ఒకవైపు పోవాలి కదా. గాడి రంధ్రం చిన్నదైతే ఒక్క ఎండుటాకు చాలు మూసుకుపోవడానికి. గాడి నిండి పొర్లితే నీళ్ళు తిన్నగా లోపలికే.

ఇంకోటి, చాలా బోట్లలో ఆ రంధ్రానికి కింద ఒక చిన్న పైపు తగిలించి లాకర్ లోపలి నుంచే బయటికి తీస్తారు. ఆ పైపు చీలినా, క్లిప్ వదులైనా గాడి పట్టిన నీళ్ళన్నీ లాకర్లోకే వస్తాయి, పైనుంచి చూస్తే మాత్రం గాడి ఖాళీగా, బాగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. లోపల చెయ్యి పెట్టి తడిమి చూడండి.

బోటు కట్టేసి ఉన్నప్పుడు ఎటు ఒరిగి ఉంటుందో కూడా చూడాలి. వెనక మోటారు, ఒక పక్క బరువులు ఉంటే రంధ్రం పైకి ఉండి నీళ్ళు అవతలి మూలకి చేరతాయి, మీ ఎడమ లాకర్ సంగతి అదే కావచ్చు. బరువు ఇటునుంచి అటు జరిపి చూడటానికి ఖర్చేం లేదు.

పాత చుక్కాని
అసలు మూతలోంచే వస్తోందని ఎందుకనుకోవాలి? ఒకరు టార్చి పట్టుకుని లోపలికి చూస్తుంటే ఇంకొకరు హోస్‌తో మెల్లగా నీళ్ళు పొయ్యాలి, ప్రెషర్ వద్దు. కింద నుంచి మొదలుపెట్టి ఒక్కో చోట కాసేపు పోసి పైకి రావాలి, పైనుంచి మొదలుపెడితే అంతా తడిసిపోయి ఎక్కడ కారిందో తెలీదు. హింజ్ స్క్రూలు, పైన డెక్ మీద ఉండే విన్చ్ (తాళ్ళు లాగి బిగించే చక్రం), రెయిలింగ్ కాళ్ళు, వీటి బోల్టుల వెంబడే చాలాసార్లు దిగుతుంది.

దొరికితే సిలికాన్ పూసేసి వదలకండి దయచేసి. అది ఊడాక అక్కడ పెయింటూ ఎపాక్సీ (గట్టిపడే జిగురు) రెండూ సరిగా అంటుకోవు. ఫిట్టింగ్ ఊడదీసి, లోపల బాల్సా చెక్క ఉన్న డెక్ అయితే బోల్టు రంధ్రం పెద్దది చేసి ఎపాక్సీతో నింపి మళ్ళీ డ్రిల్ చెయ్యండి, లేకపోతే చెక్క లోపల్లోపలే కుళ్ళిపోతుంది. బిగించేటప్పుడు కింద బ్యూటైల్ టేపు (మెత్తటి జిగురు రబ్బరు టేపు) పెట్టి కొంచెం కొంచెంగా బిగిస్తే చుట్టూ సమానంగా పాకుతుంది.

తెరచాప22
చాలా థ్యాంక్సండీ. పైపు చూశాను, కింది చివర క్లిప్ తుప్పు పట్టి ఊడిపోయి ఉంది! ఇంకో చిన్న డౌటు, వెనక వైపు వంట గ్యాస్ సిలిండర్ పెట్టే చిన్న లాకర్ ఒకటుంది, దాని అడుగున రంధ్రం ఉంది, చినుకులు అందులోంచి ఎగజిమ్ముతాయేమోనని మూసేద్దామనుకుంటున్నా.

లంగరు తాడు
వద్దు, అది మాత్రం ముట్టుకోకండి! ఆ గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే అడుగుకి దిగుతుంది, ఆ రంధ్రంలోంచి బయటికి పోవడానికే దాన్ని పెట్టారు. మూసేస్తే గ్యాస్ లాకర్లోనే పేరుకుంటుంది, ఏ చిన్న సందు ఉన్నా బోటు అడుగుకి చేరుతుంది, అక్కడ పంపు స్విచ్ నిప్పురవ్వ చాలు. లోపల పడ్డ నాలుగు చినుకులు కూడా ఆ దారినే పోతాయి. దానికి పైపు ఉంటే ఒక చెంబుడు నీళ్ళు పోసి చూడండి, ఆగకుండా బోటు బయటికి పడాలి, నీటిమట్టానికి పైన. నిదానంగా కారిందంటే ఆ పైపు ఇవాళే శుభ్రం చెయ్యండి, మిగతా లాకర్ల పని తర్వాత చూసుకోవచ్చు.