కణితి నిండా రోగనిరోధక కణాలే, మరి అవి ఏమి చేస్తున్నట్టు?

నాచారం అబ్బాయి:
నాన్నగారికి గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్ కణితి, నాలుగో గ్రేడు. ఆపరేషన్ అయింది. రేడియేషన్‌తో పాటు టెమోజోలమైడ్ అనే కీమో మందు నడుస్తోంది. చూడటానికి వచ్చిన ప్రతి బంధువూ ‘ఇమ్యూనిటీ పెంచండి’ అని ఒక సీసా పెట్టి వెళుతున్నారు. మేనత్త తిప్పతీగ కషాయం స్వయంగా కాచి తెచ్చింది. కణితిలోనే రోగనిరోధక కణాలు ఉన్నాయని డాక్టరుగారు అంటున్నారు. ఉండి ఏమి లాభం?

తార్నాక ల్యాబు:
ఉండటమేమిటండీ, కిక్కిరిసి ఉంటాయి. కొన్ని కణితుల్లో మూడో వంతు నుంచి సగం దాకా అవే. వీటిలో ముఖ్యమైనవి రెండు రకాలు. మైక్రోగ్లియా మెదడులో మొదటి నుంచీ కాపురం ఉండేవి. మాక్రోఫేజ్‌లు ఎముక మజ్జలో పుట్టి రక్తం వెంట వచ్చి చేరేవి. కణితి వాటిని తన వైపు తిప్పుకుంటుంది. అవి టీజీఎఫ్-బీటా, ఐఎల్-10 వంటి సంకేత ప్రొటీన్లను వదిలి, కణితిని చంపాల్సిన టి కణాల నోరు నొక్కేస్తాయి. పైగా కొత్త రక్తనాళాలు పెరగడానికి సాయపడతాయి. కంచే చేను మేయడమంటే ఇదే. ఇక టి కణాలు చాలామందిలో ఎముక మజ్జలోనే చిక్కుకుపోతున్నాయని 2018లో తేలింది. ఇప్పుడు చెప్పండి, ఇమ్యూనిటీ పెంచడమంటే ఏ కణాలను పెంచడం?

మెహదీపట్నం గృహిణి:
బాబూ, మా వారికీ ఇదే జబ్బు. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టాక మెదడు వాపు దిగి, తడబడే మాట తేటపడింది. కానీ షుగరు ఎగబాకింది, నిద్ర కరువైంది. అర్ధరాత్రి లేచి పెరుగన్నం కలపమనేవారు, ఆవకాయ తప్పనిసరి! ఇంట్లో షుగరు మీటరు ఉంచుకోండి. ఆ మాత్రను మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి.

తార్నాక ల్యాబు:
అమ్మగారు చెప్పిన మందుకు ఇంకో ముఖం కూడా ఉంది. అది లింఫోసైట్లనూ (టి కణాలు ఈ జాతివే) అణచేస్తుంది. అందుకే వాపును అదుపులో ఉంచే కనీస మోతాదుకే తగ్గించాలని వైద్యులు చూస్తారు.

రెడ్‌హిల్స్ మిత్రుడు:
మా బాబాయికి ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఇమ్యూనోథెరపీ, అంటే రోగనిరోధక కణాలను క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే చికిత్స, బాగా పనిచేసింది. దీనికి ఎందుకు ఇవ్వరు?

తార్నాక ల్యాబు:
ఇచ్చి చూశారండీ. తిరగబెట్టిన గ్లయోబ్లాస్టోమాలో నివోలుమాబ్ అనే ఇమ్యూనోథెరపీ మందును, కొత్త రక్తనాళాలను అడ్డుకునే బెవాసిజుమాబ్‌తో పోల్చిన పెద్ద ప్రయోగం ఫలితాలు 2020లో వచ్చాయి. మధ్యస్థ ఆయుర్దాయం మొదటి దానితో 9.8 నెలలు, రెండో దానితో 10 నెలలు. తేడా లేదు. మాక్రోఫేజ్‌లను అడ్డుకునే మందు ఎలుకల్లో ఆశ పెట్టి మనుషుల్లో నిరాశపరిచింది. 2024లో కార్-టి కణాలను, అంటే క్యాన్సర్‌ను గుర్తుపట్టేలా ల్యాబులో మార్చిన రోగి సొంత టి కణాలను, ముగ్గురికి నేరుగా మెదడు ద్రవంలోకి ఎక్కించారు. కణితులు రోజుల్లోనే కుంచించుకుపోయాయి, కానీ ఇద్దరిలో ఆ ఫలితం నిలవలేదు. పత్రికల శీర్షికల్లో ఈ చివరి మాట కనిపించదు, అదే నాకు చిరాకు.

నాచారం అబ్బాయి:
సరే, అత్తయ్యకు ఏమని చెప్పను? నొచ్చుకుంటుంది.

మెహదీపట్నం గృహిణి:
తిప్పతీగతో కాలేయం దెబ్బతిన్న రోగుల గురించి ముంబయి వైద్యులు 2021లో రాశారని చెప్పండి. టెమోజోలమైడ్ వల్ల కూడా కాలేయానికి ఇబ్బంది రావచ్చు. ఆమెను పెసరకట్టు చేసి తెమ్మనండి, నాన్నగారు తింటారు, ఆమె మనసూ నిలుస్తుంది. మీరు మాత్రం రక్తపరీక్షలో లింఫోసైట్ల సంఖ్య ఎంత ఉందో ప్రతిసారీ అడగండి. రోగనిరోధక శక్తి తగ్గినవారికి సోకే న్యుమోసిస్టిస్ న్యుమోనియా రాకుండా కోట్రైమోక్సజోల్ అనే యాంటీబయాటిక్ అవసరమా అనీ అడగండి.